నెగడు దగ్గర నలుగురు కృష్ణులు

రండి, ఇలా నెగడు దగ్గరికి జరిగి కూర్చోండి. పుష్యమాసపు చలి, పైగా తోట. నూజివీడు చుట్టుపక్కల ఇప్పుడు ఏ తోటలో నిలబడ్డా మామిడి పూత వాసనే. పూత మీదున్నప్పుడు రైతుకి సరిగా నిద్ర పట్టదు. మంచు దట్టంగా పడితే పూత మాడిపోతుందని ఒక దిగులు, తేనెమంచు పురుగు పడుతుందని ఇంకో దిగులు. మా తోటలో ఇలాంటి రాత్రుళ్ళు మేం పద్యాలు వింటాం.

పాకలో చూరు కింద ఒక రేకు పెట్టె ఉంది. మా పెదనాన్నది. అందులో ఇరవై మూడు క్యాసెట్లున్నాయి, అన్నీ పద్యనాటకాలే. కొట్లో కొన్నవి నాలుగో ఐదో ఉంటాయి. మిగిలినవన్నీ ఏదో ఒక ఊరి తిరునాళ్ళలో, సంక్రాంతి పందిట్లో, స్టేజీ ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చుని పట్టుకొచ్చినవీ, వాటికి తీయించిన కాపీలూ. వీటిల్లో ఏది గొప్పది అన్న వాదం ముప్పై ఏళ్ళ నించీ నడుస్తోంది. పెదనాన్న పోయారు. వాదం మాత్రం నెగడు వేసిన ప్రతిసారీ మళ్ళీ రాజుకుంటుంది. ఇవాళ మీరొచ్చారు కాబట్టి నా వరస మీకు చెప్పేస్తాను.

ఈ పిచ్చి మనకొక్కళ్ళకే అనుకోకండి. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక రాక్ బృందం ఉండేది. వాళ్ళ కచేరీలని శ్రోతలు టేపుల్లో పట్టుకుని ఒకరికొకరు పంచుకునేవారు. 1984 నించీ అలా రికార్డు చేసుకునేవాళ్ళ కోసం హాల్లో విడిగా చోటు కూడా కేటాయించారు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన కచేరీయే అన్నిటికంటే మిన్న అని కొందరు, కాదు ఫలానా రాత్రిది అని కొందరు నేటికీ పోట్లాడుకుంటారు. అదే బృందం, అదే పాట, వేరే రాత్రి. ఆ తేడా చెవికి తెలిసినవాళ్ళకి ఇక స్టూడియో రికార్డు చాలదు.

మన దగ్గర తేడా వెతుక్కోవడం ఇంకా తేలిక. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు తీసుకోండి. పద్యం ఒక్కటే. దాన్ని పాడిన కృష్ణులు వందలమంది. అంతేనా, మన ఊళ్ళలో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగుతారు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, యుద్ధానికి మరొకాయన. తెల్లవారేసరికి జనం అరుగుల మీద కూర్చుని ఎవరు నెగ్గారో తేల్చేస్తారు. పోల్చి చూసుకోవడం నాటకంలోనే ఉందన్నమాట.

మా తాతగారి కాలంలో ఈ వాదం మైలవరం గురించి జరిగేదట. మైలవరం మనకి ఎంత దూరమని! అక్కడి జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజం ఉండేది. యడవల్లి సూర్యనారాయణ గారు, కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటి మహానుభావులు ఆ సమాజంలో వేషాలు కట్టారు. కపిలవాయి వారి గొంతు ఈనాటికీ గ్రామఫోను రికార్డుల్లో మిగిలి ఉంది. కానీ 78 తిరుగుళ్ళ ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే తిరుగుతుంది. ముల్లు చివరికి వచ్చేలోగా పద్యం అయిపోవాలి. ఆయన స్టేజీ మీద రాగం ఎత్తుకుంటే ఎంతసేపు నడిపేవారో తాతగారు చేతులతో చూపించేవారు. ప్లేటులో దొరికింది అందులో చిటికెడే. కాబట్టి ఆయన్ని వరసలో పెట్టే అర్హత నాకు లేదు. దణ్ణం పెట్టుకుని పక్కకి జరుగుతాను.

ఘంటసాల మాస్టారి సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఆయన మన గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టినవారు. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారం సినిమాలో రామారావు గారికి రాయబారం పద్యాలు పాడారు. నాటకం మొహం చూడని ఇంట్లోకి కూడా పద్యాన్ని తీసుకెళ్ళింది ఆయనే. తీగలాగా సాగే గొంతు, ఎక్కడా ఒక అక్షరం నలగదు. అయినా నా వరసలో ఆయన లేరు. ఎందుకంటారా? బంగినపల్లి కాయని చెక్కు తీసి, ముక్కలు కోసి, పళ్ళెంలో పెట్టి అతిథి చేతికి ఇవ్వచ్చు. చిన్నరసానికి ఆ పద్ధతి కుదరదు. మెత్తగా పిసికి, ముచిక తీసి, మొదటి చుక్క సొన పిండేసి, నోట పెట్టుకుని జుర్రాల్సిందే. రసం మోచేతి దాకా కారుతుంది. రెండూ మామిడిపళ్ళే, రెండూ నాకు ప్రాణమే. ఇవాళ మాట్లాడుకునేది చిన్నరసాల గురించి.

ముందుగా కల్యాణం రఘురామయ్య గారు. 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. వేలు మడిచి నోట్లో పెట్టుకుని ఈలతోనే రాగాలు పలికించేవారు కాబట్టి ఈలపాట రఘురామయ్య అయ్యారు. 1960లో శ్రీకృష్ణ రాయబారం సినిమా తీస్తే కృష్ణుడు ఆయనే. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. కళ్ళు మూసుకుని వినండి, ఇరవై ఏళ్ళ కుర్రాడి గొంతు. 1975లో పద్మశ్రీ ఇచ్చారు, ఆ ఏడే పోయారు. ఊరూరా క్యాసెట్ వచ్చేనాటికి ఆయన లేరు. మా పెట్టెలో ఉన్నది పాత స్పూలు టేపు నించి దించుకున్న కాపీ. కాపీకి కాపీ కావడంతో గొంతు వెనకాల చింతనిప్పుల మీద ఉప్పు వేసినట్టు చిటపటలు. అయినా పడక సీను వరకూ ఆయన్ని మించినవాళ్ళు లేరు.

ఎందుకో చెబుతాను. ఆ సీనులో కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. కళ్ళు తెరిచి కుశలం అడగాలి. పద్యం శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. ఏముంది అందులో? ఎప్పుడొచ్చావు, ఇంట్లో అందరూ బాగున్నారా అనేగా! ఇంటికొచ్చిన చుట్టాన్ని మనమూ అడిగేదే. రఘురామయ్య గారు దాన్ని అలాగే అడుగుతారు. ఆ పలకరింపులో ఎంత ప్రేమ ఉందో అంత కొంటెతనమూ ఉంటుంది. రాగం అప్పుడే నిద్ర లేచినట్టు మెల్లగా ఒళ్ళు విరుచుకుంటుంది. పడక సీను కృష్ణుడంటే నాకు ఆయనే, మొత్తం వరసలో మాత్రం రెండో స్థానం.

షణ్ముఖి ఆంజనేయరాజు గారి క్యాసెట్లు మా పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ, ఎనిమిదున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా మనిషి, మనకి ఇరుగుపొరుగు కింద లెక్క. మా పెదనాన్న వరసలో ఎప్పుడూ మొదటి స్థానం ఆయనదే. తేనెలో తడిపిన గొంతు. రాగం ఎత్తుకున్నారంటే పందిట్లో ఏడ్చే పసిపిల్ల కూడా ఊరుకుంటుంది. నేను ఊరికే అనడం లేదు, ఒక క్యాసెట్‌లో నిజంగా వినబడుతుంది. రెండో పాదం దాకా ఏడుస్తున్న బిడ్డ మూడో పాదంలో గుక్క ఆపేస్తుంది. ఆ తర్వాత ఆలాపన, హార్మోనియం ఒక సంగతి వేస్తే ఈయన దాన్ని అందుకుని ఇంకో మెట్టు ఎక్కుతారు, హార్మోనియం వెంటబడుతుంది, ఈయన మళ్ళీ తప్పించుకుంటారు. జనం ఈలలు. ఒన్స్ మోర్! మధ్యలో మైకులో ఎవరో, ఫలానా ఊరు వాస్తవ్యులు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు బహూకరించారని చదువుతారు. మళ్ళీ పద్యం.

అంత ఇష్టమైనా ఆయన్ని నేను మూడో స్థానంలోనే ఉంచుతాను. పెదనాన్న ఉంటే ఈ మాటకి కర్రతో నెగడులో ఒక్క పోటు పొడిచి ఉండేవారు. నా బాధేమిటంటే, ఆలాపన పూర్తయ్యేసరికి కృష్ణుడు కౌరవసభలో ఉన్నాడన్న సంగతి నేను మరిచిపోతాను. చెవి నిండుతుంది, కథ ఆగిపోతుంది. కచేరీగా వింటే ఆయనకి ఆయనే సాటి. నాటకంగా వింటేనే నాకీ చిక్కు.

ఆటపాక తెలుసుగా, కొల్లేటి పక్కన, పక్షులు వాలే ఊరు. బందా కనకలింగేశ్వరరావు గారిది ఆ ఊరే. ఏలూరులో వకీలు. పద్యాన్ని మాటగా విడగొట్టి అర్థం తెలిసేలా చెప్పాలని పట్టుబట్టినవారు. 1968లోనే పోయారు. ఆయనవి నేను రేడియోలో విన్నవే తప్ప, జనం మధ్య పట్టుకున్న టేపు మా పెట్టెలో లేదు. అందుకని నాలుగో చోటు ఇచ్చాను. రేపు ఎవరైనా అలాంటిది తెచ్చిపెడితే ఈ వరస మొత్తం తిరగబడినా నాకు అభ్యంతరం లేదు.

ఇక పీసపాటి నరసింహమూర్తి గారు. 1920లో పుట్టి 2007 దాకా ఉన్నారు. విజయనగరం వైపు మనిషి. అక్కణ్ణించి వచ్చి మన కృష్ణా గుంటూరు జిల్లాల జనం చేత కృష్ణుడంటే ఈయనే అనిపించుకున్నారు. నా మొదటి స్థానం ఆయనది. రాయబారం టేపుది. రేకు పెట్టెలో అది అడుగున ఉంటుంది, పాత తువ్వాలులో చుట్టి.

దాని గొప్పతనం చెప్పాలంటే కొంచెం ఛందస్సులోకి రావాలి, విసుక్కోకండి. ధర్మరాజుకి కోపమంటే తెలియదు, ఆయనకే కోపం వస్తే మీ గతేమిటో చూసుకోండని కృష్ణుడు హెచ్చరించే పద్యం మీకు గుర్తుండే ఉంటుంది. అది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, నాలుగు పాదాలకి 84. మామూలుగా చదువుకుంటూ పోతే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద నాలుగైదు నిమిషాలు నడుస్తుంది. ఆ మిగతా సమయం ఎక్కడ ఖర్చు పెట్టారన్నదే నటుడికీ నటుడికీ తేడా. తెలుగు పద్యంలో పాదం చివర మాట సగంలో తెగి రెండో పాదంలో పూర్తవుతూ ఉంటుంది కదా. చాలామంది పాదం చివర ఆగి అక్కడ రాగం తీస్తారు. చప్పట్లు పడతాయి, మాట మాత్రం రెండు ముక్కలవుతుంది. పీసపాటి వారు మాట తెగనివ్వరు. ఊపిరి బిగబట్టి అవతలి పాదంలోకి దాటించి, అర్థం పూర్తయ్యాక ఆగుతారు. రాగం పొదుపుగా, కావలసిన చోటే. దుర్యోధనుడితో మాట్లాడుతున్నాడని వినేవాడికి ఒక్క క్షణం కూడా మరుపు రాదు.

ఆ టేపులో పద్యం అయిపోయిన వెంటనే చప్పట్లు రావు. రెండు క్షణాలు ఏమీ వినబడదు. దూరంగా జనరేటరు మోత. ఎక్కడో సోడా కొట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక్కసారిగా పందిరి మొత్తం లేస్తుంది. అన్నేసి వేలమంది రెండు క్షణాల పాటు కౌరవసభలో కూర్చుండిపోయారన్నమాట. మిగిలిన క్యాసెట్లన్నిటిలోనూ నేను వెతికాను. రాగం చివర ఉండగానే ఈలలు మొదలైపోతాయి. ఈ నిశ్శబ్దం వేరే దేంట్లోనూ లేదు. నా వరసకి కారణం అదొక్కటే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. క్యాసెట్ నమ్మదగ్గ సాక్షి కాదు. సెల్లులు నీరసిస్తే టేపు మెల్లగా తిరుగుతుంది, కృష్ణుడి గొంతు బొంగురుపోతుంది. ఒక చలికాలం మేము పీసపాటి వారి శ్రుతి గురించి అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. మర్నాడు సెల్లులు ఎండలో పెట్టి మళ్ళీ వేస్తే శ్రుతి అర మెట్టు పైన పలికింది. ఇంకోసారి, పట్నంలో కాపీ తీయించమని ఇచ్చిన ఒక టేపు మీద కొట్టువాళ్ళు సినిమా పాటలు ఎక్కించి తిరిగిచ్చారు. అందులో అబ్బూరి వరప్రసాదరావు గారి పద్యాలుండేవి. పెదనాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నా వరసలో అబ్బూరి వారి పేరు లేకపోవడానికి ఆ టేపు పోవడమే కారణం, ఆయన పాటలో లోటు ఉండి మాత్రం కాదు.

ఇప్పుడు తోటల్లో కుర్రాళ్ళు ఫోనుల్లో వింటున్నారు. పాత నాటకాలన్నీ ఎవరో ఒకరు ఎక్కించి పెడుతున్నారు, చిటపటలు తీసేసి, శుభ్రం చేసి. మంచిదే. ఒక్కటే నా విన్నపం, చప్పట్లు కత్తిరించకండి. నూటపదహార్ల చదివింపులూ ఉండనివ్వండి, పసిపిల్ల ఏడుపూ ఉండనివ్వండి. పీసపాటి వారి పద్యం వెనకాల ఆ రెండు క్షణాలు ఖాళీ టేపు అనుకుని ఎవరైనా తీసేస్తారేమోనని నాకు నిజంగా భయం.

ఆ కట్టె ఇంకొంచెం లోపలికి నెట్టండి. టేపు వేస్తాను, సెల్లులు కొత్తవే. అరవై నిమిషాల క్యాసెట్, ఒక వైపు సరిగ్గా అరగంట. రాయబారం ఆఖరి పద్యం మూడో పాదంలో ఉండగా ఈ వైపు అయిపోతుంది. టక్కుమని మీట లేస్తుంది. తిప్పి వేసేసరికి రెండో వైపు జనం చప్పట్లతోనే మొదలవుతుంది. నాలుగో పాదం ఆ రాత్రి పీసపాటి వారు ఎలా పాడారో ఇందులో లేదు. అక్కడ మాత్రం, అలవాటు కొద్దీ, మేమే అందుకుంటాం. మీకు వస్తే మీరూ కలవండి.