ఆ పేలుడుకి నేనూ విజిల్ వేశా

2023 జులైలో ఫ్రెండ్స్‌తో కలిసి ‘ఓపెన్‌హైమర్’కి వెళ్లా. నిజం చెప్పాలంటే బాంబు పరీక్ష సీన్ కోసమే టికెట్ కొన్నాం. కౌంట్‌డౌన్ అయిపోయింది. తెరంతా మంట, చప్పుడు మాత్రం లేదు. కాసేపటికి ఒక్కసారిగా సీట్లు అదిరాయి. వెనక వరుసలో ఎవరో విజిల్ వేశారు. నేనూ వేశా, హీరో ఎంట్రీకి వేసినట్టే.

ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. మూడు గంటల సినిమాలో హిరోషిమా ఊరు ఒక్కసారి కూడా కనిపించదు. బాంబు పడిందన్న కబురు ఓపెన్‌హైమర్‌కి రేడియోలో తెలుస్తుంది, మనకీ అంతే. ఒక సభలో మాట్లాడుతుంటే ఎదురుగా ఉన్న అమ్మాయి మొహం మీద చర్మం ఊడిపోతున్నట్టు అతనికి అనిపిస్తుంది. తర్వాత హిరోషిమా ఫొటోలు చూపిస్తున్నప్పుడు తల దించుకుంటాడు. అతను చూడడు కాబట్టి మనమూ చూడం. నోలన్ కావాలనే అలా తీశాడు. ఆ లెక్క అర్థమైంది గానీ, నా విజిల్ మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మరి బాంబు పడ్డవాళ్లు ఏం తీశారు? 1945 తర్వాత జపాన్ అమెరికా చేతిలో ఉన్నన్నాళ్లూ ఈ విషయం మీద సెన్సార్ ఉండేది. 1952లో అది పోగానే కనెటో షిండో ‘చిల్డ్రన్ ఆఫ్ హిరోషిమా’ తీశాడు. 1954లో బికినీ దీవుల దగ్గర అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది ‘గాడ్జిల్లా’ వచ్చింది. మనం పిల్లల సినిమా అనుకునే గాడ్జిల్లాయే!

నన్ను పట్టుకున్నది మాత్రం షొహెయ్ ఇమామురా తీసిన ‘బ్లాక్ రెయిన్’, 1989. (వెతికేటప్పుడు జాగ్రత్త. అదే ఏడాది అదే పేరుతో మైఖేల్ డగ్లస్ పోలీసు సినిమా కూడా ఉంది. నేను ముందు దాన్నే సగం చూసేశా.) ఇందులో బాంబు మొదట్లోనే పడిపోతుంది. మిగతా కథంతా యాసుకో అనే అమ్మాయి పెళ్లి గురించే. ఆమె మీద పడింది నల్లటి వాన. అయిదేళ్ల తర్వాత వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోతుంటాయి. పిల్ల ఆరోగ్యంగానే ఉందని మామయ్య డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెస్తాడు. ఏమీ లేకపోతే సర్టిఫికెట్ ఎందుకని అనుమానం ఇంకా పెరుగుతుంది.

అక్కడ ఆపేశా. మా పెద్దమ్మ కూతురికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఎప్పుడో తగ్గిపోయాయి. అయినా సంబంధం చూడ్డానికి ఎవరొచ్చినా మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. రెండు సంబంధాలు ఏ కారణం చెప్పకుండానే ఆగిపోయాయి. అక్క ఏమీ అనేది కాదు, లోపలికెళ్లి గిన్నెలు కడిగేది. యాసుకో కూడా అంతే, ఎవరినీ తిట్టదు. ఒక రోజు తల దువ్వుకుంటుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వచ్చేస్తుంది. మ్యూజిక్ లేదు, అరుపు లేదు. ఫోన్‌లో చూస్తున్నా వెన్ను జలదరించింది.

మొన్న ‘ఓపెన్‌హైమర్’ మళ్లీ పెట్టా, పక్కన మా తమ్ముడున్నాడు. పేలుడు రాగానే ‘మామూలుగా లేదన్నా’ అన్నాడు. నేనేం మాట్లాడలేదు. రాత్రి వాడికి ‘బ్లాక్ రెయిన్’ లింక్ పంపించా. బ్లూ టిక్ పడింది గానీ, ఇంకా చూడలేదు.