చేతులు కట్టుకుని...

చేతులు ఊరికే పెట్టుకు కూర్చోవడం మన ఆడవాళ్ళకి చేతకాని విద్య. పక్కింటికి పేరంటానికి వెళ్ళినా తాంబూలాలు సర్దడమో, నలిగిన దుప్పటి లాగడమో చేస్తూనే ఉంటాం. అలాంటి చేతులకి వారంరోజులు సెలవు దొరికే చోటు ఒకటుందని నాకు 45వ ఏట తెలిసింది. అది మాల్దీవుల్లో, సముద్రం లోపల.

అక్కడ సుమారు 1,200 దీవులు, ఉంగరాల్లా గుండ్రటి వరసల్లో ఉంటాయి. ఆ వరసకి ‘అటాల్’ అన్న మాటని ప్రపంచానికిచ్చింది అక్కడి ధివేహీ భాషే. మాకు పడవే ఇల్లు. రాత్రి ఒక దీవి పక్కన లంగరు, మర్నాడు మరో దీవి. గాలి సిలిండర్లు మోసే ‘ధోనీ’ అనే చిన్న పడవ పిల్లలా వెంటే వస్తుంది. పొద్దున్నే కొబ్బరికోరు, ఉల్లిపాయలు, మిరపకాయలు, చేప కలిపిన ‘మస్ హునీ’, పక్కన రొట్టెలూ బల్లమీదికి వచ్చేస్తాయి. “ఇవాళ ఏం వండను?” అని అడగక్కర్లేని ఉదయం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

నీళ్ళలోకి దిగేముందు గైడు రోజూ చెప్పేది ఒకటే. “చేతులు కట్టుకోండి. దేన్నీ ముట్టుకోకండి.” ఇద్దరిద్దరుగా తిరగాలన్నది నియమం. నా జంట మావారే. మాటల్లేవు, అన్నీ సైగలే. బొటనవేలు పైకెత్తితే “భేష్” అని కాదు, “పైకి పోదాం పద” అని అర్థం. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నావంక అన్నిసార్లు తిరిగి చూసింది లేదు. నా సిలిండర్లో గాలి ఎంతుందో కనుక్కోవడానికే అనుకోండి!

15 మీటర్ల లోతుకి చేరేసరికి నా గోళ్ళ గోరింటాకు నల్లబడిపోయింది. నీరు అన్నిటికన్నా ముందు మింగేసేది ఎరుపునేనట. ఓ పగడపు గుట్టమీద, 3 మీటర్ల రెక్కలున్న మాంటా చేప నిదానంగా తేలుతోంది. బుల్లి బుల్లి చేపలు దాని ఒంటిమీది పురుగుల్ని ఏరి తింటున్నాయి. తలంటి పోయించుకుంటున్న కొత్తల్లుడి దర్జా దానిది!

పగడమంటే మనకి నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపూస. దీవుల్ని కట్టిన ఈ పగడాలు దానికి దూరపు చుట్టాలు. రాళ్ళలా కనిపించే ప్రాణులు. వాటి ఒంట్లో కాపురముండే నాచు ఎండతో వంటచేసి పెడుతుంది, రంగులూ అద్దుతుంది. నీరు మామూలు వేసవికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ వంటమనిషిని బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. మాల్దీవుల్లో 1998లోనూ, 2016లోనూ జరిగింది అదే.

అలా చచ్చి బూడిదరంగుకి తిరిగిన ఓ గుట్టమీద బొటనవేలంత కొత్త పగడాన్ని గైడు చూపించాడు. అతనిది అక్కడి దీవే. సముద్రానికి మనిషెత్తు కూడా లేని నేల. పైకొచ్చాక, “అలలు మా ఊరిమీద పడకుండా ఆపే ప్రహరీగోడ అదే” అన్నాడు మెల్లగా.

ఆ నీళ్ళని వేడెక్కిస్తున్న పొగ ఒడ్డునుంచి వెళ్ళిందే. మనం నడిపే కార్లది, ఎక్కే విమానాలది, మన ఇళ్ళలో వెలిగే కరెంటుది. సముద్రంలో చేతులు కట్టుకోవడం మర్యాద. ఇంటికొచ్చాక కూడా కట్టుకునే కూర్చుంటే అతని ఊరి గోడ నిలవదు.