మంచం కింద పిల్లి

మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. పెంచుకుంటున్నారా అని ఎవరైనా అడిగితే అవునని చెప్పడానికి నోరు రాదు. అది మాతో ఉంటోంది, అంతే. ఆ మాత్రానికి రావడానికి దానికీ మాకూ ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో పిల్లుల గురించి కొంత తెలుసుకున్నాం. మా బడిలో మూడో తరగతి పిల్లల గురించి అంతకంటే ఎక్కువ తెలుసుకున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము భార్యాభర్తలం. ఇద్దరం కోయవాళ్ళం, ఇద్దరం టీచర్లం. శబరి ఏటికి దగ్గరలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తూ, ఆ ఆవరణలోనే క్వార్టర్‌లో ఉంటాం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. గోదావరి నిండితే శబరి నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తన్నుతాయి. మా వైపు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. జనం మేకల్ని, కోళ్ళని, బియ్యం మూటల్ని పట్టుకుని గుట్టలెక్కారు. పిల్లుల్ని ఎవరు పట్టుకుపోతారు? నీళ్ళు తీశాక కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ళ ఇళ్ళ దగ్గర పిల్లులు మిగిలాయి. పొయ్యి లేదు, కుండలో గంజి లేదు. ఎలుకలు, కప్పలు, తొండలు, పిట్టగూళ్ళే వాటికి దిక్కు. వాటికి పుట్టిన పిల్లలకు మనిషి చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు.

పిల్లికూన పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపల మనిషి దాన్ని ముట్టుకుని, ఎత్తుకుని, మాట్లాడితే అది మనిషికి అలవాటవుతుంది. ఆ రోజులు దాటిపోతే మనిషి దానికి నక్కతో, కుక్కతో సమానం. పెద్దయ్యాక మార్చలేమని కాదు, చాలా కాలం పడుతుంది. కొన్ని ఎప్పటికీ మారవు.

అలాంటి ఆడపిల్లి ఒకటి మా బడి వంటశాల వెనక కట్టెల కొట్టులో చేరింది. బూడిద రంగు ఒళ్ళు, నల్ల చారలు, పొడుగు తోక, చిరిగిన ఎడమ చెవి. పిల్లలు దాన్ని అడవిపిల్లి అనేవాళ్ళు. నిజమైన అడవిపిల్లి వేరు. దానికి కాళ్ళు పొడుగు, తోక పొట్టి, తోక చివర నల్ల పట్టీలు. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పొదలో దాని కూనలు కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకూడదు. తల్లి వేటకి పోయి ఉంటుంది, తిరిగొస్తుంది. మా కొట్టులోది మాత్రం ఒకప్పటి ఇంటిపిల్లి సంతానమే.

అది ఉన్నంతకాలం బియ్యం మూటలకి చిల్లు పడలేదని వంట చేసే అక్క చెప్పేది. 2023 వానాకాలంలో రెండు పిల్లల్ని పెట్టింది. రెండింటినీ కుక్కలు పట్టుకుపోయాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే కట్టెల కొట్టు కూల్చేస్తారని తెలిసింది. "టీచరమ్మా, దాన్ని మీ ఇంట్లో పెట్టుకోండి, లేకపోతే దీన్నీ కుక్కలు తింటాయి" అంది అక్క. సరే అన్నాం. ఎలా పెట్టుకోవాలో మాత్రం మాకు తెలియదు.

కోళ్ళ గంప కింద ఎండునెత్తళ్ళు పెట్టి పట్టాం. అక్కడిదాకా బాగానే ఉంది. గంపలోంచి గోనెసంచిలోకి మార్చుదామని చెయ్యి పెట్టడం మా బుద్ధితక్కువ. మాలో ఒకరి బొటనవేలిని ఎముకదాకా కొరికింది. వెంటనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధార కింద కడిగాం. గాయం మీద సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టలేదు. పీహెచ్‌సీలో రేబీస్ టీకా మొదటి డోసు వేసి, మిగతా డోసుల తేదీలు చీటీ మీద రాసిచ్చారు. రక్తం వచ్చిన లోతు గాయం కాబట్టి గాయం చుట్టూ వేసే మందు కోసం పెద్దాసుపత్రికి పంపారు. పిల్లి కాటే కదా అని ఊరుకునేవాళ్ళు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. పిల్లి కరిచినా రేబీస్ వస్తుంది. వస్తే మందు లేదు. ఇది చదివే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాలి.

పది రోజులు పిల్లిని వదలకుండా కనిపెట్టమన్నారు డాక్టరుగారు. ఆ పది రోజుల్లో దానికి జబ్బు లక్షణాలు కనిపించకపోతే, కరిచిన నాటికి దానికి రేబీస్ లేనట్టే. సామాన్లు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసి అందులో వదిలాం. పాత నులకమంచం కింద, గోడ మూలకి చేరిపోయింది.

మొదటి మూడు రోజులు మేము చేసినవన్నీ తప్పులే. గంటకొకసారి తలుపు తీసి చూశాం. పిలిచాం. వంగి మంచం కిందికి టార్చి వేశాం. పాలు పెడితే రాత్రి తాగి, తెల్లారేసరికి విరేచనాలు పట్టుకుంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవని అప్పుడు తెలిసింది. మంచం పక్కకి జరిపితే కిటికీ జాలీ ఎక్కి, గోళ్ళు విరిగి, జాలీ అంతా రక్తం చేసింది. మేము దానికి మంచి చేస్తున్నాం, అది అర్థం చేసుకోవడం లేదనుకుని విసుక్కున్నాం.

నాలుగో రోజు సాయంత్రం కిటికీ బయట ఒక పిల్లవాడు నిలబడి లోపలికి చూస్తున్నాడు. మూడో తరగతి. గుట్ట మీది గూడెం నుంచి ఆ జూన్‌లోనే చేరాడు. అప్పటికే రెండుసార్లు ఇంటికి పారిపోయాడు. రెండోసారి మేమే నడిచిపోయి, చీకటిపడేలోపు వెనక్కి తీసుకొచ్చాం. మర్నాటి నుంచి గేటుకి తాళం వేయించిందీ మేమే. తరగతిలో ఎప్పుడు చూసినా నేలచూపే. రెండు నెలలు చూసి, రిజిస్టరులో వాడి పేరుకి ఎదురుగా 'మాట్లాడడు' అని రాసుకున్నాం.

వాడు కిటికీ దగ్గర నుంచి కోయలో అన్నాడు: "సార్, మీరు దాని కళ్ళలోకి చూస్తున్నారు. అందుకే అది తినడం లేదు."

మరేం చెయ్యాలని అడిగాం.

"కింద కూర్చోండి. వీపు దాని వైపు పెట్టండి. మా అవ్వ పొదిగే కోడి దగ్గర అట్లనే కూర్చుంటది."

కూర్చున్నాం. గోడవైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ. ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు మా వెనక గిన్నె కదిలిన చప్పుడైంది. తిరిగి చూడలేదు.

పది రోజులు గడిచేదాకా పిల్లవాణ్ణి గదిలోకి రానివ్వలేదు. వాడు మాత్రం రోజూ స్టడీ అవర్ అయ్యాక కిటికీ బయట గట్టు మీద కూర్చునేవాడు. మేము లోపల ఉన్నామో లేదో చూసేవాడు కాదు. పిల్లితో మాట్లాడేవాడు. వాళ్ళ దున్నపోతు కొమ్ము ఎలా విరిగిందో, చెల్లికి జ్వరం వస్తే తండ్రి రాత్రంతా ఎలా మోసుకుపోయాడో, పోడులో జొన్నకి చిలకలు పడితే ఎలా అరిచి తోలాలో. వాగులో ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో కూడా చెప్పాడు. రెండు నెలల్లో బడిలో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ ఒక్క సాయంత్రం మాటలంత కావు.

మేము గోడవైపు తిరిగి కూర్చుని విన్నాం. వీడు మాట్లాడడని రాసుకున్నది మేమే.

ఇంట్లో మేమిద్దరం కోయలోనే మాట్లాడుకుంటాం. బడి మెట్లు ఎక్కగానే తెలుగులోకి మారిపోతాం. మేము చదువుకున్న రోజుల్లో హాస్టల్లో కోయ మాట్లాడితే అరచేతి మీద బెత్తం పడేది. మేము టీచర్లయ్యాక ఎవరినీ కొట్టలేదు, ఆ మాటకి గర్వపడేవాళ్ళం. కానీ ఆ పిల్లవాడితో రెండు నెలల్లో ఒక్కసారి కూడా వాడి మాటలో 'అన్నం తిన్నావా' అని అడగలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, సవర, కువి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల కోసం పుస్తకాలు తయారయ్యాయి. కోయ పుస్తకాలు నాలుగు మా బడి బీరువా అడుగునే ఉన్నాయి. వాటి మీద దుమ్ము దులిపింది ఆ వారంలోనే.

పది రోజులకి పిల్లి బాగానే ఉంది. ఇక దాన్ని పరుగెత్తించడం మానేశాం. ఏం చేశామో రాస్తున్నాం, ఎవరికైనా పనికొస్తుంది.

అట్టపెట్టెకి ఒక పక్క కన్నం చేసి, పాత చీరముక్క వేసి మంచం కింద పెట్టాం. దాక్కునే చోటు ఉంటేనే పిల్లి బయటికి రావడానికి ధైర్యం చేస్తుంది. రోజూ అవే వేళలకి రెండు పూటలా తిండి పెట్టాం. ఉప్పు కడిగిన ఎండుచేప, ఉడికించిన కోడి పేగులు, కొంచెం అన్నం. నీళ్ళ గిన్నె దూరంగా వేరే మూల. దొడ్డికి పోవడానికి పాత బేసిన్‌లో కట్టెల కొట్టు దగ్గరి మట్టే పోశాం. దాని వాసన దానికి తెలుసు కాబట్టి మొదటి రాత్రే వాడుకుంది. తర్వాత కొద్దికొద్దిగా ఏటి ఇసుక కలిపాం. గోళ్ళు గీసుకోవడానికి ఒక బూరుగు మొద్దు వేశాం.

తిండి గిన్నెని రోజుకి బెత్తెడు చొప్పున మా వైపు జరుపుకున్నాం. అది ఆగిపోయిన రోజు మేము మళ్ళీ వెనక్కి జరిపాం. కళ్ళు కలిస్తే మెల్లగా మూసి తెరిచేవాళ్ళం, పిల్లుల్లో దానికి భయం లేదని అర్థం. నెలన్నరకి అదీ ఒకసారి మెల్లగా కళ్ళు మూసింది. ఆ సంగతి ఇద్దరం పండగలా చెప్పుకున్నాం.

ఆపరేషన్‌కి, టీకాకి పట్నం పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. మళ్ళీ గంప వేసి పడితే ఇన్నాళ్ళ పని నీళ్ళపాలు. అందుకని రెండు వారాలు మూతబుట్టలోనే తిండి పెట్టాం. దానంతట అదే బుట్టలోకి పోయి తినడం అలవాటయ్యాక, ఒకరోజు తింటుండగా మూత వేశాం. తిరిగొచ్చాక నాలుగు రోజులు మళ్ళీ మంచం కిందే. అయిదో రోజు వచ్చింది.

మూడో నెలలో వేలు వాసన చూసింది. నాలుగో నెలలో ముందు గది తలుపు తీసిపెట్టాం. కుక్కర్ కూత వేస్తే మళ్ళీ మంచం కిందికి. ఏడో నెలలో, అన్నం తింటున్న మా మోకాలికి ఒళ్ళు రాసుకుంటూ పోయింది. మేము చెయ్యి చాపలేదు. ఇప్పటికీ ఎత్తుకోనివ్వదు. ఒళ్ళో కూర్చోదు. రాత్రి బియ్యం మూట మీద పడుకుంటుంది.

కుక్కకున్న విశ్వాసం పిల్లికి లేదని తోటి టీచర్లు అంటారు. పిల్లిని ఎవరూ కట్టేసి తెచ్చుకోలేదు. మనిషి గింజలు దాచాడు, గింజలకి ఎలుకలొచ్చాయి, ఎలుకల వెంట పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. అంత పాత స్నేహం దాని ఇష్టం మీదే మొదలైంది.

పిల్లవాడు పిల్లి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. పిల్లికి తిరిగిపోవడానికి ఇల్లు లేదు, కొట్టు కూలిపోయింది. పిల్లవాడికి ఇల్లుంది, అవ్వ ఉంది, కొమ్ము విరిగిన దున్నపోతు ఉంది. వాణ్ణి బడికి అలవాటు చెయ్యడమంటే ఆ ఇంటిని మరిపించడం కాదు. గేటు తాళం తీయించాం. వాడి తల్లితో మాట్లాడి, రెండు వారాలకొక శనివారం ఆమె వచ్చి తీసుకుపోయేలా, సోమవారం పొద్దున దింపేలా ఒప్పుకున్నాం. మొదటి సోమవారం వాడు వస్తాడో రాడో అని గేటు దగ్గరే నిలబడ్డాం. వచ్చాడు. పిల్లికని ఆకులో చుట్టి వాగు చేపలు తెచ్చాడు. ఇప్పుడు తరగతిలో లెక్కలు ముందు కోయలో చెప్పి, తర్వాత తెలుగులో చెబుతాడు. అందరి విషయంలో ఇలా జరగలేదు. అదే ఏడాది ఇంకొక పిల్లవాడు దసరా సెలవులకి పోయి తిరిగి రాలేదు. వాడి ఇంటికి మూడుసార్లు పోయాం. ఇంకా పోతాం.

2024 జూన్‌లో మూడో తరగతికి కొత్తగా పదకొండు మంది పిల్లలు వచ్చారు. మొదటి రోజు కుర్చీ పక్కకి పెట్టి చాప మీద కూర్చున్నాం. ఇంటి దగ్గర ఎవరెవరున్నారని కోయలో అడిగాం. ఇద్దరు చెప్పారు. తక్కిన తొమ్మిది మందిని ఆ రోజు అడగలేదు.