మేళములో మన మాండలిన్

పదిమంది విద్వాంసులను ఒక్క వేదికపై కూర్చుండబెట్టుట కష్టము కాదు. వారిచే ఒక్క పాట పాడించుట కష్టము. బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో శ్రీరామనవమి భజనలు చూచినవారికి ఈ సంగతి క్రొత్తగాదు. ఒక ఊరి గాయకుడు, వేఱొక ఊరి డోలకు వాద్యకాడు, మఱియొక ఊరి హార్మోనియము పంతులు కలిసిన రాత్రి, తొలిజాములో ఎవరికి వారే మొనగాండ్రు. తాళము కుదిరిన పిమ్మటనే అది భజన యగును.

పాశ్చాత్యుల రాక్ సంగీతములో ఇట్టి కూటమికి సూపర్‌గ్రూపు అని పేరు. వేఱువేఱు మేళములలో ముందే పేరు గడించినవారు కలిసి క్రొత్త మేళము కట్టుట దాని లక్షణము. ఇంగ్లండులో 1966వ సంవత్సరమున ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ అను మువ్వురు కలిసి ‘క్రీమ్’ అను మేళమును స్థాపించిరి. క్రీమ్ అనగా మీగడ. పేరునకు తగినట్లే ప్రఖ్యాతి వచ్చెను. కాని బ్రూసునకును బేకరునకును పొసగలేదు. 1968 నవంబరులో లండను నగరపు రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచేరీ చేసి ఎవరి దారిని వారు పోయిరి.

ఆ ఇరువురితో కలిసి 1963లో గ్రాహం బాండ్ మేళమున గిటారు వాయించిన యువకుడొకడు కలడు. అతడు యార్క్‌షైరు వాస్తవ్యుడు జాన్ మెక్‌లాఫ్లిన్. తరువాత అమెరికాకు పోయి, 1969లో మైల్స్ డేవిస్ అను సుప్రసిద్ధ జాజ్ విద్వాంసుని రికార్డులలో వాయించెను. 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ను స్థాపించి, విద్యుద్వాద్యముల ఘోషతో సభలను దద్దరిల్లజేసెను. అంతటి పేరు వచ్చిన పిమ్మట ఆయన వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఎస్. రామనాథన్ గారివద్ద శిష్యుడై వీణ నేర్చుకొనెను. తరువాతి కథకంతటికి ఈ శిష్యరికమే పునాది యని మా అభిప్రాయము.

1975లో ‘శక్తి’ మేళము రూపుదాల్చెను. గిటారు మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, మృదంగము రామ్‌నాడ్ రాఘవన్, ఘటము విక్కు వినాయకరామ్. ఉత్తరాది తబలాయు దక్షిణాది ఘటమును ప్రక్కప్రక్కన కూర్చుండి, వాని నడుమ ఇంగ్లీషువాని గిటారు పలుకుట నాడు విడ్డూరమే. ఆయన వాడిన గిటారునకు మామూలు తంత్రులుగాక అడ్డముగా మఱి యేడు తంత్రులు బిగింపబడెను. మెట్ల నడుమ కొయ్యను గుంటగా తొలిపించిరి. వీణలో వలె తంత్రిని అదిమి గమకము పలికించుటకే ఈ ఏర్పాటు. 1975 జూలై 5వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి సౌతాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీ వారి తొలి రికార్డై మఱుసటి సంవత్సరము వెలువడెను. మఱి రెండు రికార్డుల పిమ్మట, 1978లో ఆ మేళము చెదరెను.

క్రీమ్ వలెనే ఇదియు స్వల్పాయువే. అయితే భేదమొకటి కలదు. ‘శక్తి’ విద్వాంసుల వాద్యములో ఒకరు ఒక సంచారము వాయించి ఆగుదురు. రెండవవారు దానిని విని బదులిత్తురు. ప్రశ్నయు జవాబును అంతకంతకు పొట్టివై, తుదకు అందఱును ఒక్క సమమున కలియుదురు. ఎదుటివాని పలుకు వినకున్నచో తన పలుకు తప్పును. వినుట అలవడినవారు విడిపోయినను తిరిగి కలియగలరు. 1997లో ‘రిమెంబర్ శక్తి’ అను పేర వారు మఱల కలిసిరి. తొలుత హరిప్రసాద్ చౌరాసియా గారి మురళి తోడయ్యెను. ఆ పిమ్మట వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్ కంజీరతోను, మన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌తోను వచ్చి చేరిరి.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చూచి చిన్ననాడే చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. గురువు పాడెడువారు, బాలుడు ఆ గాత్రమును తంత్రులపై పలికించెడువాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ. 1981 నాటికి మద్రాసు సభలు.

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. జంటజంటలుగా ఎనిమిది తంత్రులుండును, గమకమునకు లొంగదు. శ్రీనివాస్ జంటలు తీసివైచి ఒంటి తంత్రులు కట్టి, అయిదవ తంత్రి చేర్చి, విద్యుత్తు సాయముతో నాదమును నిలిపెను. పరాయి వాద్యమును మన సంప్రదాయమునకు ఒప్పించినవాడు గనుకనే, పరాయి మేళములోనికి పోయినపుడు తడబడలేదు. 2000లో వెలువడిన ‘ది బిలీవర్’ రికార్డు విన్నచో, గిటారు నడుమ ఆ మాండలిన్ పలుకు కర్ణాటక సంగీతమని ఇట్టే గుర్తింపవచ్చును. అతడు 2014 సెప్టెంబరు 19న నలుబదియైదవ యేట చెన్నైలో అస్తమించెను. 2024లో గ్రామీ బహుమతి పొందిన ‘శక్తి’ రికార్డులో తొలి రచనకు అతని పేరే పెట్టిరి. ఆ యేడు డిసెంబరులోనే జాకీర్ హుస్సేన్ కూడ పరమపదించిరి.

ఈ కథ మన సంచికకేల యని అడుగువారుందురు. శ్రీనివాస్ కుటుంబమును మనవలెనే తెలుగునాటి వెలుపల స్థిరపడినదే. చిక్కబళ్లాపురములో మన ఇండ్లలో తెలుగు, కచేరీలో కన్నడము, పిల్లల బడిలో ఇంగ్లీషు. మనము పుట్టుకతోనే మేళములో ఉన్నవారము. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను పాడిరి. ఒకదానికొఱకు రెండవదానిని వదలలేదు. నేడు మన మనుమలు తెలుగు మాటాడుదురు గాని అక్షరము చదువలేరు. కన్నడము బాగుగ నేర్చుచున్నారు, సంతోషము. కాని తాతయ్యగారి తెలుగు కీర్తనను కన్నడ లిపిలో వ్రాసి యిచ్చిననే పాడగలరు. మఱియొక తరమునకు ఆ పాటకు అర్థము చెప్పువారుందురా?

పదిమందిలో కూర్చుండవలె, ఎదుటివాని పలుకు వినవలె. మన వంతు వచ్చినపుడు పలుకుటకు మన తంత్రి యొకటి బిగించి యుండవలె. ఆదివారమునాడు ఒక్క గంట, సంఘమువారు పెద్దబాలశిక్ష తెఱచి పిల్లలను కూర్చుండబెట్టినచో, ఆ తంత్రి బిగియును. ఆ గంటకు వచ్చి చెప్పుటకు మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊరను కలరు, పిలిచిన చాలును.