ఏడుగురు ఒకేసారి వాయిస్తే

వేదిక మీద ఎంతమంది వాయించినా, ఆ మోత జనం చెవికి పాటగా చేరేలా చూడటం నా పని. పాలకొల్లులో ఒక మైక్‌సెట్టు షాపులో చేరి, జాతరలకూ పెళ్లిళ్లకూ హారన్లు కడుతూ మొదలుపెట్టాను. ఇప్పుడు అట్లాంటాలో సౌండ్ ఇంజినీరుని. ఈ పనిలో నాకు మనుషులు నేర్పింది ఒక ఎత్తు, ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ నేర్పింది ఒక ఎత్తు. అదీ అందరూ పొగిడే 1971 నాటి వాళ్ల ఫిల్‌మోర్ ఈస్ట్ రికార్డు కాదు. 1990 నుంచి చేసిన ఆల్బమ్‌లు, ఇచ్చిన కచేరీలు.

జార్జియాలో నివాసముండే నాకు వాళ్లు ఊరివాళ్ల కింద లెక్క. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో జట్టుకట్టి, కొద్దికాలంలోనే అట్లాంటాకు దక్షిణాన ఉన్న మేకన్‌లో స్థిరపడ్డారు. బ్లూస్, జాజ్, కంట్రీ కలిపి వాళ్లు వాయించినదానికి లోకం సదరన్ రాక్ అని పేరుపెట్టింది. గాయకుడు గ్రెగ్ ఆల్మన్‌కి ఆ పేరు నచ్చేది కాదు. రాక్ సంగీతం పుట్టిందే దక్షిణాదిలో అయితే మళ్లీ ఆ ముద్ర దేనికని ఆయన వాదన. 1971 అక్టోబరు 29న గ్రెగ్ అన్న, గిటారిస్టు డ్వేన్ మేకన్‌లోనే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. అతనికి ఇరవై నాలుగేళ్లు. ఏడాది తిరిగేసరికి బేస్ వాయించే బెరీ ఓక్లీ కూడా అదే ఊళ్లో అలాగే పోయాడు. ఆ తర్వాత జట్టు 1976లో ఒకసారి, 1982లో మరోసారి విడిపోయింది. ఎనభైల మొదట్లో చేసిన రికార్డుల్లో వాళ్ల ధ్వనే వాళ్లకు దక్కలేదు.

ఇరవై ఏళ్ల పండుగ కోసం 1989లో మళ్లీ కలిసినప్పుడు జట్టు గిటారిస్టు డికీ బెట్స్ తన వెంట వారెన్ హేన్స్ అనే మరో గిటారిస్టుని తీసుకొచ్చాడు. బేస్‌కి అలెన్ వుడీ వచ్చాడు. రికార్డింగ్‌కి పాత నిర్మాత టామ్ డౌడ్ తిరిగొచ్చాడు. చదువుకునే వయసులో అణుబాంబు పరిశోధనలో పనిచేసి, ఆ తర్వాత అట్లాంటిక్ రికార్డ్స్‌లో ఎనిమిది ట్రాకుల రికార్డింగ్‌కి బాట వేసిన మనిషి ఆయన. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఆయన పేరు వినగానే కాస్త సర్దుకుని కూర్చుంటాం. 1990లో ‘సెవెన్ టర్న్స్’, 1991లో ‘షేడ్స్ ఆఫ్ టూ వరల్డ్స్’, 1994లో ‘వేర్ ఇట్ ఆల్ బిగిన్స్’ ఆయన చేతి మీదుగానే వచ్చాయి.

ఆ మూడింటిలో నేను ఎక్కువసార్లు విన్నది చివరిది. దాన్ని మామూలు స్టూడియోలో చెయ్యలేదు. ఫ్లోరిడాలో నటుడు బర్ట్ రేనాల్డ్స్‌కి చెందిన స్థలంలో, సినిమాలు తీసే పెద్ద షెడ్డులో కచేరీకి ఎలా నిలబడతారో అలాగే అందర్నీ నిలబెట్టి రికార్డు చేశారు. స్టూడియోలో ఒక్కొక్కరిని ఒక్కో గదిలో పెట్టి విడివిడిగా పట్టుకుంటే ప్రతి వాద్యం శుభ్రంగా వస్తుంది. కానీ డ్రమ్మర్ భుజం కదలడం గిటారిస్టు చూడలేడు. చూడకపోతే ఆ దెబ్బ మీద స్వరం వెయ్యలేడు. ఒకరి మైకులోకి ఇంకొకరి ధ్వని చొరబడడాన్ని మేం సాధారణంగా దోషంగా చూస్తాం. ఈ ఆల్బమ్‌లో నాకు గాలి ఆడుతున్నట్టు వినిపించేది ఆ చొరబాటు వల్లే అని నా నమ్మకం.

ఇక వాళ్ల కచేరీలకు ఇల్లు న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్. 1929లో కట్టిన, మూడువేల మందికి కాస్త తక్కువ పట్టే హాలు. 1989 నుంచి 2014 దాకా అక్కడ రెండువందలకు పైగా కచేరీలు చేశారు. ఎక్కువగా మార్చి నెలలో, వరసగా రోజుల తరబడి. ఏ రెండు రాత్రులూ ఒకే పాటల వరస ఉండేది కాదు. అందుకే జనం ఒక్కరోజుకి కాదు, వారానికి టిక్కెట్లు కొనుక్కునేవారు. మన కచేరీల్లో తోడి రాగం నిన్న విన్నాం కదా అని ఇవాళ ఇంటి దగ్గర కూర్చోం. విద్వాంసుడు ఇవాళ దాన్ని ఎటు తీసుకెళతాడో చూడాలని వెళతాం. బీకన్‌కి నేనూ ఆ ఆశతోనే వెళ్లేవాణ్ణి. 2009లో నలభయ్యో ఏడు జరుపుకున్నప్పుడు ఎరిక్ క్లాప్టన్ అక్కడికొచ్చి వాళ్లతో వాయించాడు. 1970లో డ్వేన్‌తో కలిసి ‘లైలా’ ఆల్బమ్ చేసినవాడు, డ్వేన్ లేని జట్టుతో అతని పాటలు పంచుకున్నాడు.

2000లో డికీ బెట్స్ జట్టుకు దూరమయ్యాడు. జట్టుకి ఎన్నో పాటలు రాసినవాడు వెళితే పని అయిపోయిందనుకోవడం సహజం. 2003లో ‘హిట్టిన్ ద నోట్’ వచ్చింది. ఆయన లేకుండా వాళ్లు చేసిన స్టూడియో ఆల్బమ్ అదొక్కటే, వాళ్ల చివరి స్టూడియో ఆల్బమ్ కూడా అదే. ‘డెస్డిమోనా’, ‘ఓల్డ్ బిఫోర్ మై టైమ్’ అనే పాటల్లో గ్రెగ్ గొంతు వినాలి. జీవితంలో దెబ్బలు తిన్న గొంతు అది. పై స్థాయి తగ్గినచోట మాట బరువుతో నిలబెడతాడు. అలాంటి గొంతు మీద రెవర్బ్ అనే కృత్రిమ ప్రతిధ్వని కుమ్మరించకూడదని నాకు తెలిసింది ఈ ఆల్బమ్‌తోనే.

అప్పటికి వేదిక మీద ఏడుగురు. రెండు గిటార్లు వారెన్, డెరెక్ ట్రక్స్‌వి. బేస్ ఓటీల్ బర్‌బ్రిడ్జ్. ఆర్గన్, గొంతు గ్రెగ్‌వి. డ్రమ్స్ దగ్గర బుచ్ ట్రక్స్, జైమో అని ఇద్దరు. కాంగాల దగ్గర మార్క్ కిన్యోనెస్. కాగితం మీద చూస్తే ఏ సౌండ్ ఇంజినీరైనా బెదరాల్సిందే. బేస్, రెండు కిక్ డ్రమ్ములు, కాంగాలు, హామండ్ ఆర్గన్ కింది స్వరాలు, అన్నీ సుమారు 80 నుంచి 250 హెర్ట్జ్ మధ్యనే వచ్చి కూర్చుంటాయి. మనం ధ్వని పెంచే ఫేడర్‌ని పైకి నెట్టినకొద్దీ ముద్ద తయారవుతుంది. అయినా ఆ కచేరీల్లో ముద్ద కనబడదు. కారణం యంత్రంలో లేదు, వాళ్ల వాయింపులోనే ఉంది. బుచ్ తాళాన్ని తిన్నగా ముందుకు నెట్టుకుపోతాడు. జైమో జాజ్ పద్ధతిలో ఆ దెబ్బల సందుల్లో పలుకుతాడు. ఇద్దరూ ఒకేలా కొట్టరు కనుకే ఇద్దరూ కావాలి. గ్రెగ్ పాడుతుంటే గిటార్లు పక్కకి జరుగుతాయి.

డెరెక్ సంగతి వేరుగా చెప్పాలి. బుచ్‌కి సోదరుడి కొడుకు. 1999లో ఇరవయ్యేళ్ల కుర్రాడిగా జట్టులో చేరాడు. వేలికి గాజు గొట్టం తొడిగి తీగ మీద జారుస్తాడు, మీటేది వేళ్లతోనే. అతను కాలిఫోర్నియాలో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ స్థాపించిన సంగీత కళాశాలలో కొంత నేర్చుకున్నాడు. మెట్లు లేని సరోద్ మీద స్వరం నుంచి స్వరానికి జారే తీరు అతని గిటార్‌లో స్పష్టంగా వినబడుతుంది. మా పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించగా విని పెరిగిన చెవులు నావి. డెరెక్ ఒక స్వరాన్ని పట్టుకుని మెల్లగా పైకి లాగినప్పుడు పరాయి సంగీతం వింటున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ చదువంతా నా బల్ల దగ్గర పనికొస్తోంది. ఇక్కడి తెలుగువాళ్ల వేడుకల్లో డప్పులు, డ్రమ్స్, కీబోర్డు, గిటారు ఒకే వేదిక ఎక్కుతుంటాయి. సౌండ్ చెక్‌లో ఏ కుర్రాడైనా మొదట అడిగేది ఒకటే.

“అన్నా, నా గిటార్ నాకు వినబడట్లేదు. మానిటర్‌లో కొంచెం పెంచవా?”

“పెంచుతాను తమ్ముడూ. ముందు పల్లవిలో నువ్వు ఎక్కడ ఆగుతావో చెప్పు.”

ఆగే చోటు తేలాక అతనికి డప్పు వినబడుతుంది, డప్పు కొట్టే అతనికి కీబోర్డు వాడు వినబడతాడు. డప్పు పై చురుకుని నేను డప్పుకే వదిలి, కింది గుండెచప్పుడు కిక్ డ్రమ్‌కి ఇస్తాను. చాలాసార్లు ఏ ఫేడరూ పెంచాల్సిన పనే రాదు.

2014 అక్టోబరు 28న బీకన్‌లో వాళ్ల చివరి కచేరీ. మూడు భాగాలుగా సాగి అర్ధరాత్రి దాటింది, అంటే డ్వేన్ పోయిన తేదీలోకి వచ్చేసింది. చివరన ‘ట్రబుల్ నో మోర్’ వాయించారు. 1969లో అందరూ కలిసి మొదట సాధన చేసిన పాట అది. 2017లో బుచ్, గ్రెగ్, 2024లో డికీ వెళ్లిపోయారు. అయినా రికార్డులున్నాయి. 2003 మార్చిలో బీకన్‌లో రికార్డు చేసిన ‘వన్ వే ఔట్’ అనే ఆల్బమ్‌తో మొదలుపెట్టమని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతాను. ఒకసారి జైమోని మాత్రమే పట్టుకుని చివరిదాకా వినండి, మరోసారి ఓటీల్‌ని, ఇంకోసారి గ్రెగ్ ఆర్గన్‌ని. ఏడుగురినీ విడివిడిగా విన్నవాడికి, ఏడుగురూ కలిసినప్పుడు ఎవరు ఎవరికి చోటిస్తున్నారో తెలుస్తుంది. అది తెలిశాకే మా పనిలో చెయ్యి ఫేడర్ మీద పెట్టాలి.