మళ్ళీ గూడుబండి

మావారు కొలతల టేపు చేతపట్టుకున్నారంటే నా గుండెల్లో రాయి పడుతుంది. ఆ టేపుతో ఆయన కొలిచినదేదీ ఇంతవరకు చవగ్గా తేలలేదు. పెరట్లో టమాటా మడికి చెక్క చట్రం అన్నారు. ఆ ఏడు మేం తిన్న టమాటాలు ఒక్కోటీ నాలుగు డాలర్లు పడ్డాయని నా లెక్కల పుస్తకం ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది. అలాంటిది, కిందటి శ్రావణమాసంలో ఓ ఆదివారం పొద్దున్నే, కాఫీ అయినా తాగకుండా, వాకిట్లో ఉన్న ట్రక్కు వెనకభాగం ఎక్కి అటూ ఇటూ టేపు సాగదీస్తూ కనబడ్డారు.

"ఏమోయ్, ఇలా వచ్చి ఓసారి పడుకో" అన్నారు.

"ఎక్కడ?"

"ఇక్కడే. ట్రక్కులో."

ఇరుగుపొరుగు కుక్కల్ని తిప్పుకునే వేళ! నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఈ ట్రక్కు కథ కాస్త చెప్పాలి. మేం డాలస్ పక్కన ఓ చిన్న ఊళ్ళో ఉంటాం. మావాడికి సియాటిల్లో ఉద్యోగం వచ్చింది. "అక్కడ దీన్ని నిలపడానికి చోటు లేదు నాన్నా, మీరే వాడుకోండి" అని తన ఫోర్డ్ ఎఫ్-150 తాళాలు ఈయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇద్దరు ముసలాళ్ళు వారానికోసారి కూరలు తెచ్చుకోవడానికి అంత ఏనుగెందుకు చెప్పండి? అమ్మేద్దామన్నాను. ఆయన ఊఁ అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం "అమ్మను" అని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకోవలసింది.

ఆయన రిటైరై రెండేళ్ళు. అరవై ఎనిమిదో ఏడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాం గానీ, ఆఫీసుకీ ఇంటికీ మధ్య రోడ్డు తప్ప ఏం చూశామంటే చెప్పడానికి పెద్దగా లేదు. అందుకని ట్రక్కు వెనక పడక అమర్చుకుని, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ పడుకుంటూ దేశం చూద్దామని ఆయన సంకల్పం.

ముందు రెడీమేడ్‌వి చూద్దామని ఓ షోరూముకి తీసుకెళ్ళారు. ట్రక్కు వెనకభాగంలో అమాంతం కూర్చోబెట్టే గదులు. లోపల పొయ్యి, నీళ్ళ తొట్టి, డ్రైవరు నెత్తిమీదికి వచ్చేలా మంచం. బొమ్మరిల్లులా ముచ్చటగానే ఉంది. ధర 24 వేల డాలర్లు. నేను నోరు తెరిచేలోపే మావారు ట్రక్కు తలుపు తీసి, తలుపు చట్రానికి అంటించిన కాగితం చదవడం మొదలెట్టారు. ఆ బండి ఎంత బరువు మొయ్యగలదో దానిమీద రాసి ఉంటుందిట. మాది 1,640 పౌన్లు. మనుషులు, సామాను, నీళ్ళు అన్నీ కలిపి అంతకు మించకూడదు. ఆ గది ఒక్కటే, చుక్క నీళ్ళు పొయ్యకుండా, 1,500. మిగిలింది 140. మావారు 172. అంటే గదిని తీసుకెళ్ళాలంటే ఆయన ఇంట్లో ఉండాలన్నమాట! గాలను నీళ్ళే ఎనిమిది పౌన్ల పైన తూగుతాయని కూడా ఆ రోజే తెలిసింది. బిందెలు మోసిన నడుములకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదనుకోండి.

సరే, గది కాదు, గూడు. ట్రక్కు వెనక తొట్టిమీద బోర్లించే ఫైబర్‌గ్లాస్ మూత. దీన్ని ఇక్కడ షెల్ అంటారు, టాపర్ అంటారు. కొత్తది మూడువేల పైమాటే. పాతవి దొరుకుతాయి గానీ అన్నీ అన్నింటికీ సరిపడవు. తొట్టి పొడుగు, ట్రక్కు రకం, తయారైన సంవత్సరం, ఇన్ని జాతకాలు కలవాలి. మొదటిది చూడడానికి తొంభై మైళ్ళు వెళ్ళాం. తీరా చూస్తే అది అయిదున్నర అడుగుల తొట్టిది. మాది ఆరున్నర. రెండోది కుదిరింది, 900 డాలర్లు. మా ట్రక్కు బూడిదరంగు, గూడు మెరూను. మావారు నా మొహంలోకి బిక్కుబిక్కుమంటూ చూశారు. "ఫరవాలేదు, ఈ జత చీరా జాకెట్టూ నేను కట్టాను" అన్నాను.

ఆ తరవాత మా గరాజ్ వడ్రంగి కొట్టమైపోయింది. చక్రాలమీద ఉబ్బెత్తుగా ఉండే చోట తొట్టి వెడల్పు యాభై అంగుళాలు. ప్లైవుడ్ పలక వెడల్పు నలభై ఎనిమిది. ట్రక్కులు చేసేవాడూ, చెక్కలు కోసేవాడూ వియ్యంకులేమో అన్నట్టు అతికింది. పన్నెండు అంగుళాల ఎత్తున పలకలతో అరుగులా కట్టి, కింద సామానుకి అరలు చేశారు. ఇంకో రెండంగుళాలు పెంచితే అరల్లో మరచెంబూ పడుతుందన్నాను. అప్పుడు లేచి కూర్చుంటే తల కప్పుకి తగులుతుందన్నారు.

కరెంటు దగ్గర అసలు కథ మొదలైంది. మావారికి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. రాత్రిపూట ముక్కుకి తొడుక్కునే మిషను లేకుండా పడుకోకూడదు. డాక్టరు గట్టిగా చెప్పారు. మరి అడవిలో దానికి కరెంటు? పాతకాలపు సీసం బ్యాటరీ అయితే ఉన్నదాంట్లో సగమే వాడుకోవాలి, పూర్తిగా దింపేస్తే తొందరగా పాడవుతుంది. లిథియందైతే దాదాపు అంతా వాడుకోవచ్చు, బరువూ తక్కువ. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ 290 డాలర్లు. అందులో సుమారు 1,280 వాట్-అవర్లు ఉంటాయి. మిషనులో తేమ కోసం నీళ్ళు వేడిచేసే భాగం ఆపేస్తే రాత్రికి 320 దాకా లాగుతుంది. ఇంజను తిరిగేటప్పుడు ఆ బ్యాటరీ నిండడానికి ఇంకో పరికరం, దాని వైర్లు, మరో 210.

అంతటితో ఆగేదే. నేను ఆగనివ్వలేదు. ఐసు పెట్టె చాలన్నారాయన. ఐసు కరిగి, ఆ నీళ్ళలో మూత ఊడి తేలే పెరుగు గిన్నె నా కళ్ళముందు కదిలింది. పెరుగన్నం లేకుండా నాకు పొద్దుగూకదు. బ్యాటరీమీద నడిచే చిన్న ఫ్రిజ్ కావాలన్నాను. 320 డాలర్లు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పద్దు నా నెత్తినే రాసుకోవాలి. దాంతో బ్యాటరీ రెండు రాత్రులకి అటూ ఇటూగా వస్తుంది, మర్నాడు కాస్త బండి నడిపితే మళ్ళీ నిండుతుంది.

పొయ్యి మాత్రం బయటే. ఎంత చలేసినా, వానొచ్చినా, గూట్లో గ్యాసు వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. అందుకని అది పసిగట్టి కూతపెట్టే అలారం ఒకటి తలాపున బిగించారు.

ఓ రాత్రి ఆయన పడుకున్నాక రసీదులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. గూడు 900, చెక్కా మేకులూ 265, పరుపు 180, బ్యాటరీ, పరికరం, ఫ్రిజ్, పొయ్యీ అలారమూ 130, దోమతెరలూ దీపాలూ 95, కుర్చీలూ డబ్బాలూ 110. మొత్తం 2,500. ఆయన మొదట చెప్పింది 1,200. మిగతా 1,300 ఎక్కణ్ణించి వచ్చాయో చూస్తే, ఇండియా టిక్కెట్ల ఖాతాలోంచి.

ఆ ఖాతా నాది. స్కూలు క్యాంటీన్లో పనిచేసినన్నాళ్ళూ నా జీతంలోంచి నెలనెలా వేసుకున్నది. సంక్రాంతికి మేమిద్దరం నరసరావుపేట వెళ్ళాలి. అక్కడ మా అక్కయ్య ఉంది. డెబ్బై తొమ్మిది నిండాయి. ప్రతి ఆదివారం ఫోన్లో "వస్తున్నారుగా?" అని అడుగుతుంది, నేను వస్తున్నామంటాను. ఇప్పుడు ఒక టిక్కెట్టుకే డబ్బుంది.

కడుపు మండింది. లెక్క పూర్తిగా వేశాను. మోటల్లో రాత్రికి 100. క్యాంపు చోటుకి 20. మిగులు 80. కానీ ట్రక్కు కారుకన్నా ఎక్కువ తాగుతుంది, రాత్రికి 15 తీసేస్తే 65. పెట్టిన 2,500 తిరిగి రావాలంటే ముప్ఫై తొమ్మిది రాత్రులు ఆరుబయట పడుకోవాలి. గడిచిన మూడేళ్ళలో మేం ఇల్లు వదిలి బయట గడిపినవి ఏడాదికి ఆరు రాత్రులు. ఆ లెక్కన ఆరున్నరేళ్ళు. అప్పటికి ఆయనకి డెబ్బై నాలుగు దాటుతాయి. నా మోకాళ్ళ సంగతి లెక్కలో వెయ్యనే లేదు.

కాగితం ఆయన కాఫీ కప్పు కింద పెట్టాను. మూడు రోజులు మాట్లాడలేదు. వంట చేశాను, వడ్డించాను, అంతే. ఆయనా ఏం అనలేదు. గరాజ్‌లో సుత్తి చప్పుడూ ఆగిపోయింది.

నాలుగోనాడు మడత కుర్చీ కోసం గరాజ్‌లోకి వెళ్తే ఆయన నోటుపుస్తకం తెరిచి ఉంది. చూడకూడదనే అనుకున్నాను. ట్రక్కు వెనక తలుపు బొమ్మ గీసి, నేలనుంచి ఎత్తు 35 అంగుళాలు అని వేశారు. పక్కనే మెట్లపీట బొమ్మ. మెట్టుకి తొమ్మిది అంగుళాలు. అది కొట్టేసి ఏడు. "ఎడమ మోకాలు. పిడి కుడివైపు కాదు, ఎడమవైపు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. మా ఇంట్లో మెట్లు ఎక్కేటప్పుడు నేను ఎడమచేత్తో గోడ పట్టుకుంటానని నాకే తెలీదు.

పుస్తకం ఎలా ఉన్నది అలా వదిలేసి వచ్చాను. ఆ రాత్రి ఆయనే అన్నారు, "సంక్రాంతికి నువ్వెళ్ళిరా. నేను వచ్చే ఏడు వస్తాను."

"అక్కయ్య నొచ్చుకుంటుంది."

"నేను చెబుతాను" అన్నారు. చెప్పారు కూడా. వీడియోలో ట్రక్కు చుట్టూ తిప్పి, గూడు, పరుపు, దోమతెర అన్నీ చూపించారు. అక్కయ్య కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఒసే, ఇది మన గూడుబండే కదుటే!" అంది.

నాకు అంతవరకూ తట్టలేదు చూశారా! శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి బండి కట్టేవారు. వెదురు తడికె వంచి గూడు, కింద మెత్తగా వరిగడ్డి, దానిమీద జంపఖానా. ఉపవాసం లేని పిల్లలకి పులిహోర మూట. ఇరుసు కింద లాంతరు ఊగుతూ ఉంటే దాని వెలుగు ఎడ్ల కాళ్ళమీద పడేది. దూరాన ప్రభల దీపాలు కనబడగానే మమ్మల్ని లేపమని నాన్నకి చెప్పి, తీరా లేపితే లేచేవాళ్ళం కాదు. అక్కయ్య నన్ను బయటివైపు పడుకోనిచ్చేది కాదు, పడిపోతానని.

"బావగారూ, వరిగడ్డి వేయించండి, నేనూ ఎక్కుతాను" అంది అక్కయ్య. ఇక నేనేం మాట్లాడను?

మధ్యలో మా కాలనీ సంఘం నుంచి ఓ ఉత్తరం వచ్చింది. వాకిట్లో విడిది బండ్లు నిలపరాదని. మావారు ఫొటోలతో సహా జవాబు రాశారు. మూత పెట్టినంతమాత్రాన గిన్నె ఇల్లవదు, ఇదీ అంతే అని. మళ్ళీ ఉత్తరం రాలేదు.

కార్తికంలో మొదటి పరీక్ష, క్యాడో సరస్సు. లూసియానా సరిహద్దులో, మాకు మూడు గంటల దారి. నీళ్ళలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మలనుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతూ ఉంటుంది. బయట పొయ్యిమీద ఉప్మా చేసుకున్నాం. పోపు వాసనకి పక్క గుడారంలో అమెరికన్ ముసలావిడ గిన్నె పట్టుకునే వచ్చింది. మెట్లు మోకాలికి నొప్పి లేకుండా అందాయి. నేను ఏమీ అనలేదు, ఆయనా అడగలేదు. తెల్లవారుజామున వాన పట్టుకుంది. గూటిమీద చినుకుల చప్పుడు, పక్కన మిషను ఉస్సుమనే చప్పుడు. మా ఊపిరి తేమంతా కప్పుకి పట్టి, ఓ చుక్క సరిగ్గా నా నుదుటిమీద పడింది. కిటికీలు అంగుళమైనా తెరిచి పడుకోవాలట, రెండో రాత్రికి నేర్చుకున్నాం.

సంక్రాంతికి నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. అక్కయ్య నా ఫోన్లో ట్రక్కు ఫొటో వీధి వీధంతా చూపించింది. తిరిగొచ్చాక పాలో డ్యురో లోయ దగ్గర మూడు రాత్రులు ఉన్నాం. వచ్చే కార్తికంలో బిగ్ బెండ్ అంటున్నారు. అరవై రెండు దాటిన పౌరులకీ శాశ్వత నివాసులకీ జాతీయ పార్కులన్నింటికీ జీవితాంతం చెల్లే పాసు 80 డాలర్లు. 2017 దాకా అది 10 డాలర్లేనట. అప్పుడు మాకు ఆ వయసు రాలేదు. ముసలితనానికి కూడా ఆలస్యంగానే వచ్చాం చూడండి!

నా లెక్కల పుస్తకం చివరి పేజీలో 39 అని వేసుకుని, ఒక్కో రాత్రికీ ఒక గీత కొడుతున్నాను. అయిదు గీతలయ్యాయి, 34 మిగిలాయి. నిన్న సాయంత్రం చూస్తే మావారు మళ్ళీ టేపు తీశారు. గూటిమీద కడ్డీలు బిగిస్తే కుర్చీలు పైన కట్టుకోవచ్చట, లోపల నాకు కాళ్ళు చాపుకోను చోటొస్తుందట. ఎంతన్నాను. 140 అన్నారు.

రాత్రికి 65 చొప్పున ఇంకో రెండు రాత్రులు. 34 కొట్టేసి, 36 వేశాను.