పాడేరు ఘాట్‌కు పైన

జూలై 12

తెల్లవారుజామున కాఫీ తోటల ఊరి నుంచి ఒకాయన్ని జీపులో మా ఆసుపత్రికి తెచ్చారు. నొప్పి మొదలై గంట దాటింది. ఈసీజీ తీయగానే తెలిసిపోయింది, గుండె ముందు గోడకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయింది. కొడుకు అడిగాడు: "వైజాగ్ తీసుకుపోతే స్టెంటు వేస్తారు కదా సార్, ఇక్కడ ఇంజెక్షన్‌తో టైం ఎందుకు పోగొట్టడం?"

అడగవలసిన మాటే. రెండు గంటల్లోపు స్టెంటు వేసే యాంజియోప్లాస్టీ జరిగే చోట అదే మేలు. కానీ ఘాట్ దిగి విశాఖ చేరి, క్యాథ్‌ల్యాబ్‌లోకి వెళ్లేసరికి మూడు గంటలైనా పడుతుంది. అంతసేపూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. బరువు చూసి, రక్తం గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చాను. వెంటనే 108 అంబులెన్స్ ఎక్కించాం.

చోడవరం దగ్గర్నుంచి ఫోన్. "నాన్నకి నొప్పి తగ్గిపోయింది సార్, వెనక్కి వచ్చేయమంటారా?" వద్దని గట్టిగా చెప్పాను. గడ్డ కరిగినా నాళంలోని పూడిక అలాగే ఉంటుంది, మళ్లీ మూసుకుపోవచ్చు.

జూలై 13

రాత్రి 2013 నాటి స్ట్రీమ్ అధ్యయనం మళ్లీ తీశాను. నొప్పి మొదలై మూడు గంటలు దాటని, గంటలోపు యాంజియోప్లాస్టీ అందని 1892 మంది మీద చేసింది. ముందు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత యాంజియోగ్రామ్‌కు పంపినవారిలో నెలలోపు మరణం, షాక్, గుండె వైఫల్యం, మళ్లీ గుండెపోటు కలిపి 12.4 శాతం, నేరుగా యాంజియోప్లాస్టీకి వెళ్లినవారిలో 14.3. తేడా రుజువయ్యేంత పెద్దది కాదు. అయినా ఇంజెక్షన్‌ను ఇక పేదవాడి వైద్యం అనకూడదు.

భయపెట్టేది మెదడులో రక్తస్రావం: ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 1.0 శాతం, అటువైపు 0.2. అధ్యయనం మధ్యలో 75 ఏళ్లు నిండినవారికి మోతాదు సగం చేశాక ఆ తేడా తగ్గింది. మూడో వంతు మందికి పైగా ఇంజెక్షన్ పనిచేయక అత్యవసరంగా యాంజియోగ్రామ్ చేయాల్సి వచ్చింది. అందుకే ఇంజెక్షన్ ఇచ్చి ఇక్కడే పడుకోబెట్టడాన్ని నేను ఒప్పుకోను. అది సగం వైద్యమే.

జూలై 16

విశాఖలో మర్నాడు యాంజియోగ్రామ్ చేసి స్టెంటు వేశారట. ఇంకో నాళంలోనూ పూడిక ఉందట, కొన్ని వారాల్లో రమ్మన్నారు. "మందులతో సరిపోదా సార్?" అని ఫోన్‌లో కొడుకు. 2019లో వచ్చిన కంప్లీట్ అధ్యయనంలో మిగతా నాళాలూ తెరిచినవారిలో గుండె మరణం లేదా మళ్లీ గుండెపోటు 7.8 శాతం, తెరవనివారిలో 10.5. ఈ లెక్కే నా మాటల్లో చెప్పాను. కాఫీ పనులు మొదలవకముందే వెళ్తామన్నాడు.